ఎయిడ్సు వైరసు పట్టు – ఆ పట్టును తప్పించు మందు

ఏ పనికైనను పట్టు ముఖ్యము. మేడి పట్టనిదే దుక్కి సాగదు. పగ్గము పట్టనిదే ఎద్దు చాలున నడువదు. కొడవలి పిడిపై చేయి కుదురనిదే కోత కోయలేము. కంటికి కానరాని సూక్ష్మజీవుల లోకమునందును ఇదియే న్యాయము. మానవ శరీరములో ప్రవేశించి ఎయిడ్సు వ్యాధిని కలిగించు హెచ్.ఐ.వి. అను వైరసునకు కాళ్ళు లేవు, కన్నులు లేవు, నోరు లేదు. క్రొవ్వుతో నేసిన పలుచని పొర, కొన్ని మాంసకృత్తులు, ఆ మాంసకృత్తుల నడుమ చుట్టబడిన సన్నని పోగు: ఇంతియే దాని ఆస్తి. ఆ మాంసకృత్తులు ఆ పోగును ఎచ్చట పట్టుకొనును, ఎట్లు పట్టుకొనును, ఎప్పుడు విడుచును అను దానిపైననే వైరసు బ్రతుకంతయు ఆధారపడియున్నది.

ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు విషయమని పాఠకులు తలపవలదు. హెచ్.ఐ.వి. సోకినవారు దినదినము మందు మ్రింగవలెనని వైద్యులు ఏల చెప్పుదురు? ఒంట్లో బాగుగనే యున్నదని కొన్నాళ్ళు మానినచో ఏమగును? ఒక మందు చాలక మూడు మందులు కలిపి ఏల ఇత్తురు? ఈ ప్రశ్నలకన్నిటికి సమాధానము ఆ పట్టులోనే కలదు. కావున ఆ సంగతిని మా శక్తికొలది తేటపరుప దలచితిమి.

కోడితో మొదలైన కథ

హెచ్.ఐ.వి. రెట్రోవైరసులు అను తెగకు చెందినది. ఈ తెగ మనుష్యులకు తెలియవచ్చినది కోడి మూలముననే. 1911లో అమెరికాలోని న్యూయార్కు నగరమున రాక్‌ఫెల్లరు సంస్థయందు పనిచేయుచుండిన పేటన్ రౌసు అను వైద్యుడు, ఒక కోడి రొమ్మునందు లేచిన కంతిని నూరి, కణములేవియు దాటలేని సన్నని వడపోతతో వడియగట్టి, ఆ రసమును మరికొన్ని కోళ్ళకు ఎక్కించెను. వానికిని కంతులు లేచెను. కణముకంటె చిన్నదైన ఏదో పదార్థము కంతికి కారణమని దీనివలన తేలెను. ఆనాడు ఆ మాటను పలువురు లక్ష్యపెట్టలేదు. 55 సంవత్సరముల పిదప, అనగా 1966లో, ఆయనకు నోబెలు బహుమతి లభించెను.

ఆ వైరసు తీరు మరింత విడ్డూరమైనదని 1970లో హోవర్డు టెమిన్, డేవిడ్ బాల్టిమోరు అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనుగొనిరి. ఆ విడ్డూరమేమో ముందు చెప్పుదుము. 1981లో అమెరికాలో ఎయిడ్సు వ్యాధి తొలిసారి గుర్తింపబడెను. 1983లో ఫ్రాన్సు దేశమునందలి పాశ్చరు సంస్థలో ఫ్రాంస్వాజ్ బారే-సినూసీ, లూక్ మాంటన్యే అనువారు దానికి కారణమైన వైరసును వెలికిదీసిరి. మన దేశమున ఈ వైరసు సోకినవారిని 1986లో మద్రాసు నగరమున డాక్టరు సునీతి సోలోమన్ బృందము తొలిసారి గుర్తించెను.

ఈ వైరసు ఎంత చిన్నదో ఊహించుట కష్టము. ఒక మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో అందొక భాగము ఎంతయుండునో, రమారమి అంతయే దాని అడ్డుకొలత.

దస్తరము, నకలు

మన శరీరము కోటానుకోట్ల జీవకణములతో కట్టబడినది. పెక్కు రకముల కణముల నడుమ కేంద్రకమను గది యుండును. శరీరము ఎట్లు పెరుగవలెనో, ఏ పని ఎట్లు చేయవలెనో తెలుపు లెక్కలన్నియు ఆ గదిలో డి.ఎన్.ఏ. అను పదార్థముపై వ్రాయబడియుండును. డి.ఎన్.ఏ. రెండుపేటల తాడువంటిది. దానికి తోబుట్టువైన ఆర్.ఎన్.ఏ. సాధారణముగా ఒంటిపేట తాడు. ఈ రెండింటిని కలిపి కేంద్రకామ్లములందురు.

పూర్వము గ్రామ కరణము దస్తరమును ఇంట భద్రముగా నుంచి, కావలసినవారికి కావలసిన పుటకు మాత్రము నకలు తీసి యిచ్చెడివాడు. అసలు దస్తరము గడప దాటెడిది కాదు. కణములోను అంతే. డి.ఎన్.ఏ. అసలు దస్తరము, ఆర్.ఎన్.ఏ. నకలు. నకలు కేంద్రకమునుండి బయటికి పోయి, దానిలో వ్రాసినట్లు మాంసకృత్తులు తయారగుటకు తోడ్పడును. అసలునుండి నకలు పుట్టుట లోకరీతి.

రెట్రోవైరసు ఈ రీతిని తలక్రిందులు చేయును. అది ఆర్.ఎన్.ఏ. అను నకలును మాత్రమే చేతబట్టుకొని కణములోనికి వచ్చును. ఆ నకలును చూచి డి.ఎన్.ఏ. అను అసలును వ్రాయును. వ్రాసి ఊరకుండక, ఆ దొంగపుటను మన దస్తరములోనే చేర్చి కుట్టివేయును. టెమిన్, బాల్టిమోరులు 1970లో కనుగొనిన విడ్డూరమిదియే. నకలునుండి అసలు వ్రాయునట్టి మాంసకృత్తు ఒకటి ఆ వైరసులందు కలదని వారు చూపిరి. ఇందులకై వారికి రెనాటో దుల్బెకోతో కలిసి 1975లో నోబెలు బహుమతి లభించెను.

హెచ్.ఐ.వి. యొక్క ఆర్.ఎన్.ఏ. పోగుపై ఇంచుమించు 9,700 అక్షరములు గలవు. ఆ అక్షరములు నాలుగే రకములు: అడినిను, గ్వానిను, సైటోసిను, యురాసిలు. ఇట్టి పోగులు రెండు ఒక్కొక్క వైరసునందు మడచి పెట్టబడియుండును. సాగదీసినచో ఆ పోగు వైరసు అడ్డుకొలతకు పదుల రెట్లు పొడవుండును. అంత పోగును అంత చిన్న మూటలో ఇముడ్చుటకే గట్టి పట్టు కావలెను.

పట్టులోని మెళకువలు

మాంసకృత్తు పోగును ఎట్లు పట్టుకొనగలదు? ఇందు మూడు మెళకువలు గలవు.

మొదటిది విద్యుదాకర్షణము. పొడితలను దువ్విన దువ్వెన కాగితపు తునకలను లాగుకొనుట పిల్లలు సైతము చూచియుందురు. కేంద్రకామ్లపు పోగు పొడవునను ఫాస్ఫేటు అను భాగములు వరుసగా నుండును. పొలములో వేయు భాస్వరపు ఎరువులోనిదియు ఈ ఫాస్ఫేటే. పోగునందలి ప్రతి ఫాస్ఫేటునకును ఋణ విద్యుదావేశము గలదు. మాంసకృత్తులు ఎమినో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన దండలవంటివి. ఆ పూసలలో లైసిను, ఆర్జినిను అనువానికి ధన విద్యుదావేశము గలదు. ఋణము, ధనము ఒండొంటిని ఆకర్షించును గనుక ఈ పూసలు హెచ్చుగా గల మాంసకృత్తు ఏ పోగునైనను అంటిపెట్టుకొనును. ఇది ఏ తాటినైనను పట్టుకొనగల అరచేతి పట్టు.

రెండవది ఉదజని బంధము. పోగుపైనున్న ప్రతి అక్షరపు అంచున చిన్న చిన్న గాడులు, మొనలు ఉన్నట్లు భావింపుడు. మాంసకృత్తు అంచునను అట్టివే గలవు. ఒకదాని మొన మరియొకదాని గాడిలో సరిపోయిననే బంధము కుదురును. తాళమునకు దాని చెవియే పట్టును గదా! ఈ మెళకువవలన మాంసకృత్తు అక్షరమును చదివి గుర్తింపగలదు.

మూడవది పొరపై పొరగా పేరుకొనుట. కేంద్రకామ్లపు అక్షరములు బల్లపరుపు బిళ్ళలు. మాంసకృత్తుల పూసలలోను ట్రిప్టోఫాను, ఫినైలలనిను అను బల్లపరుపు పూసలు గలవు. విస్తరాకుల కట్టలో ఒక ఆకు క్రింద మరియొక ఆకు దూరినట్లు, ఈ పూసలు అక్షరముల క్రిందను నడుమను చొచ్చుకొని నిలుచును.

మొదటి మెళకువ బలమునిచ్చును. తక్కిన రెండును వివేకమునిచ్చును. బలముండి వివేకము లేనిచో మాంసకృత్తు కనబడిన ప్రతి పోగును పట్టుకొని కూర్చుండును. వివేకముండి బలము లేనిచో పట్టు జారిపోవును. వైరసు మాంసకృత్తులు రెండింటిని కలిపి వాడుకొనును.

మూట కట్టు మాంసకృత్తు

జింకు అను లోహము మన రైతులకు క్రొత్తది కాదు. వరిపైరు ఆకులపై తుప్పుమచ్చలు కనబడి ఎదుగుదల లేనప్పుడు జింకు సల్ఫేటు వాడుదురు. ఈ జింకే వైరసునందును ముఖ్యమైన పని చేయుచున్నది.

హెచ్.ఐ.వి. పోగును మూటకట్టు మాంసకృత్తునకు న్యూక్లియోకాప్సిడు అని పేరు. ఇది మిక్కిలి చిన్నది. దీనియందు 55 పూసలు మాత్రమే గలవు. అందు ధనావేశముగల పూసలు పెక్కు గనుక పోగును అంటిపెట్టుకొనుట దానికి సులభము. దీని దండలో రెండుచోట్ల మూడు సిస్టీను పూసలు, ఒక హిస్టిడిను పూస కలిసి ఒక్కొక్క జింకు కణికను నాలుగుదిక్కులనుండి పట్టుకొనును. అందువలన అచ్చట దండ మడిగి బిగుతైన ముడి యేర్పడును. ఆ ముళ్ళే ఆ మాంసకృత్తునకు వ్రేళ్ళు.

ఇప్పుడొక చిక్కు. వైరసు పెరుగుచున్న కణములో మన శరీరపు ఆర్.ఎన్.ఏ. పోగులు అసంఖ్యాకములుగా నుండును. వాని నడుమ వైరసు పోగులు బహు స్వల్పము. తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డను వెదకినట్లు, తన పోగును మాత్రమే ఏరుకొని మూటగట్టవలెను. ఇది ఎట్లు సాధ్యము?

వైరసు పోగు మొదలులో ఒక గుర్తు గలదు. అచ్చట పోగు తనపై తానే మడతపడి, తలపిన్నువలె ఒకదాని ప్రక్కన ఒకటిగా నాలుగు మెలికలు పడియుండును. మూడవ మెలిక కొనయందు గ్వానిను అను అక్షరములు బయటికి చాచుకొనియుండును. 1998లో అమెరికాలోని మేరీలాండునందు మైకేల్ సమ్మర్స్ బృందము ఈ పట్టు రూపమును వివరముగా కనుగొనెను. మొదటి జింకు ముడి ఒక గ్వానినును, రెండవ జింకు ముడి మరియొక గ్వానినును పట్టుకొనుచున్నవి. ముళ్ళలోని బల్లపరుపు పూసలు ఆ అక్షరములను ఒత్తిగిలి నిలుచుచున్నవి. ధనావేశముగల కొస మెలిక కాడయందలి గాడిలో ఒదిగియుండును. మేము పైన చెప్పిన మూడు మెళకువలును ఈ ఒక్క పట్టులో కనబడుచున్నవి.

ఆ సిస్టీను పూసలలో దేనినైనను మార్చి జింకు నిలువకుండ చేసినచో వైరసు తన పోగును సరిగా మూటగట్టజాలదు. పైకి వైరసువలె కనబడు బుడగలు పుట్టును గాని, అవి రోగమును వ్యాపింపజేయలేవు. జింకును ఊడదీయు పదార్థములను మందుగా వాడవచ్చునా యని శాస్త్రజ్ఞులు ప్రయత్నించిరి. కాని మన కణములలోని మాంసకృత్తులలోను జింకు ముళ్ళు గలవి పెక్కు. శత్రువును కొట్టబోయి మనలను మనమే కొట్టుకొనినట్లగును గనుక ఆ మార్గము కఠినమైనది.

ఈ చిన్న మాంసకృత్తునకు మరియొక పనియు గలదు. చిక్కుపడిన నూలును విప్పి తిరిగి సరిగా చుట్టు చేతివలె, ఇది పోగునందలి తప్పు మడతలను విప్పి, సరియైన మడతలు పడుటకు తోడ్పడును.

నకలు చూచి అసలు వ్రాయు కుడిచేయి

వైరసు కణములోనికి చొచ్చిన పిమ్మట, ఆర్.ఎన్.ఏ. ను చూచి డి.ఎన్.ఏ. వ్రాయు మాంసకృత్తు పనిచేయనారంభించును. దీనికి రివర్సు ట్రాన్స్‌క్రిప్టేసు అని పేరు. మనము వాడుకగా దీనిని 'వ్రాతగాడు' అందము. 1992లో దీని రూపమును కనుగొనిన శాస్త్రజ్ఞులు ఇది ముడిచిన కుడిచేతివలె నున్నదని వర్ణించిరి. ఇందు వ్రేళ్ళు, అరచేయి, బొటనవ్రేలు అను భాగములు గలవు. పోగు అరచేతి గాడిలో పడుకొనగా, బొటనవ్రేలు ఒకవైపునుండి, తక్కిన వ్రేళ్ళు మరియొకవైపునుండి దానిని అదిమిపట్టును. అరచేతి నడుమ మూడు ఆస్పార్టికామ్లపు పూసలు రెండు మెగ్నీషియము కణికలను పట్టుకొనియుండును. అక్షరమును అక్షరముతో అతుకునది ఆ చోటనే.

వ్రాతగాడు శూన్యమునుండి వ్రాత మొదలిడజాలడు. మొదలిడుటకు ఒక కొస కావలెను. ఆ కొసను వైరసు మన శరీరమునుండియే అరువు తెచ్చుకొనును. మన కణములో లైసిను పూసను మోయు చిన్న ఆర్.ఎన్.ఏ. కూలి యొకడు గలడు. వాని చివరి 18 అక్షరములకు వైరసు పోగుపై 18 అక్షరముల చోటు సరిజోడుగా నున్నది. మూటకట్టు మాంసకృత్తు ఆ కూలి మడతలను సడలించి ఆ చోటున జతచేయును. అచ్చటనుండి వ్రాత సాగును. చేతి మణికట్టు వైపున వేరొక భాగము గలదు. అది వ్రాయుట ముగిసినంతమేర పాత ఆర్.ఎన్.ఏ. ను తునకలు చేయుచు వచ్చును.

ఈ వ్రాతగానికి ఒక దుర్గుణము గలదు. వ్రాసినదానిని తిరిగి చూచుకొని తప్పు దిద్దుకొను అలవాటు వానికి లేదు. అందుచేత వ్రాతలో తరచు తప్పులు దొర్లును. పెక్కు తప్పులు వైరసుకే చేటు. కాని యొక్కొక్కప్పుడు ఒక తప్పు దానికి మేలు చేయును. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మందులు మానుటవలని ముప్పు ఇచ్చటనే పుట్టుచున్నది.

అంటు కట్టు మాంసకృత్తు

మామిడి అంటు కట్టుట మన తోటమాలులకు తెలిసిన విద్య. రెండు కొమ్మలను ఏటవాలుగా చెక్కి, చెక్కిన ముఖములను కలిపి కట్టుదురు. అంటు అతికిన పిమ్మట రెండింటియందును ఒకే రసము ప్రవహించును. ఇంటిగ్రేసు అను మాంసకృత్తు చేయునదియు ఇట్టి పనియే. దీని దండలో 288 పూసలు గలవు. వ్రాతగాడు వ్రాసిన డి.ఎన్.ఏ. తాటి రెండు కొనలను ఇంటిగ్రేసులు కలిసి పట్టుకొని, కొనకు రెండేసి అక్షరములను చెక్కివేయును. తరువాత మన డి.ఎన్.ఏ. యొక్క రెండు పేటలను ఐదక్షరముల ఎడముతో ఏటవాలుగా కోసి, ఆ కోతలలో వైరసు కొనలను అతుకును. మిగిలిన సందులను మన కణమే మరమ్మతు చేసి పూడ్చివేయును. ఈ కోతకును అతుకుకును రెండు మెగ్నీషియము కణికలే ఆధారము.

అంటు అతికిన పిమ్మట వైరసు వ్రాత మన దస్తరములో ఒక పుటయే. కణము రెండుగా చీలినప్పుడు ఆ పుటకును నకలు పడును. కొన్ని కణములలో అది పనిచేయక, ఏండ్ల తరబడి నిద్రించుచుండును. నిద్రించుచున్న ఆ పుటను ఏరి పెరికివేయగల మందు నేటికిని వాడుకలోనికి రాలేదు. క్యాన్సరు చికిత్సలో భాగముగా మూలుగు మార్పిడి పొందిన అతికొద్దిమందియందు మాత్రమే వైరసు పూర్తిగా తొలగినది. అది ప్రాణాపాయముతో కూడిన చికిత్స. అందరికిని చేయదగినది కాదు. హెచ్.ఐ.వి. మందు జీవితాంతము వాడవలెననుటకు కారణము ఈ అంటే.

పని తొందరపెట్టు పట్టులు

అంటు కట్టినంతనే వైరసు విస్తారముగా పుట్టదు. దానికి టాటు, రెవు అను రెండు చిన్న మాంసకృత్తులు తోడ్పడును. దొంగపుటనుండి ఆర్.ఎన్.ఏ. నకలు బయలుదేరగానే దాని మొదటి 59 అక్షరములు మెలికపడును. ఆ మెలికయందలి మూడక్షరముల ఉబ్బును టాటు తన ఆర్జినిను పూసతో పట్టుకొని, నకలు వ్రాయు మన కణపు యంత్రమును తొందరపెట్టును. ఆ పట్టు లేనిచో వ్రాత నడుమనే ఆగిపోవును. ఇక రెవు అను మాంసకృత్తు వైరసు నకలునందు ఇంచుమించు 350 అక్షరముల పొడవున్న ఒక భాగమును గుర్తించును. ముందొకటి కూర్చుండగా, దాని ప్రక్కన మరియొకటి, దాని ప్రక్కన వేరొకటి వరుసగా కూర్చుండి, ఆ నకలును తునకలు కాకుండ కేంద్రకము వెలుపలికి మోసికొనిపోవును.

పట్టును తప్పించు మందులు

శత్రువు పట్టు తెలిసినచో దానిని విడిపించు ఉపాయము తోచును. వ్రాతగానిపై తొలి ఉపాయము పారినది 1987లో. జిడోవుడిను అను మందు ఆ సంవత్సరమున అమెరికాలో అనుమతి పొందెను. ఇది డి.ఎన్.ఏ. అక్షరమువలెనే కనబడు కపట అక్షరము. వ్రాతగాడు మోసపోయి దానిని వ్రాతలో చేర్చును. కాని దానికి తరువాతి అక్షరమును తగిలించు కొక్కెము లేదు. కనుక వ్రాత అంతటితో నిలిచిపోవును. నేడు వాడుచున్న టెనోఫోవిరు, లామివుడిను అను మందులును ఈ జాతివే. నెవిరపిను, ఎఫవిరెంజు అను మందుల తీరు వేరు. అవి అరచేతి మొదట ఒక సందులో మేకువలె దిగి, ఆ చేతిని సరిగా కదలనీయవు.

ఇంటిగ్రేసును అడ్డు మందులలో మొదటిది 2007లో అనుమతి పొందెను. ఆ జాతికి చెందిన డోలుటెగ్రవిరు 2013లో వచ్చెను. ఇది ఇంటిగ్రేసు నడుమనున్న రెండు మెగ్నీషియము కణికలను తానే పట్టుకొని కూర్చుండును. అంటుకత్తి చేతనుండియు మొద్దుబారినట్లగును. టెనోఫోవిరు, లామివుడిను, డోలుటెగ్రవిరు: ఈ మూడును కలిసిన మాత్రయే నేడు మన ప్రభుత్వ కేంద్రములందు పెద్దవారిలో ఎక్కువమందికి ఇచ్చుచున్నది. ఇట్టి మందులలో విశేషభాగము హైదరాబాదు, విశాఖపట్టణము పరిసరములందలి కర్మాగారములలో తయారై, ఆఫ్రికాది దేశములకును పోవుచున్నదని తెలుగువారు తెలిసికొనదగును.

మందు మానిన నేమగును?

వ్రాతగాడు తప్పులు దిద్దుకొనడని పైన చెప్పితిమి. అట్టి తప్పులలో ఒకటి వాని అరచేతియందే జరుగవచ్చును. అరచేతిలో 184వ స్థానమున మెథియొనిను అను పూస గలదు. ఒక్క అక్షరము తప్పుపడుటచేత అచ్చట వాలిను అను వేరు పూస వచ్చినచో, ఆ చేతి ఆకృతి కొద్దిగా మారును. అంతటితో లామివుడిను అను కపట అక్షరమునకు ఆ చేతిలో చోటుండదు. అసలు అక్షరమునకు మాత్రము చోటుండును. ఇట్లు ఒక్క పూస మార్పుతో వైరసు ఒక మందును తప్పించుకొనును.

మూడు మందులు ఒకేసారి శరీరమున నిండుగా నున్నప్పుడు వైరసు ఒకదానిని తప్పించుకొనినను తక్కిన రెండును దానిని అణచును. మూడు తప్పులు ఒకేసారి, ఒకే పోగుపై, తగిన చోటులలోనే జరుగుట బహు అరుదు. 1996 ప్రాంతమున ఈ పద్ధతి ప్రారంభమైనదాదిగా ఎయిడ్సు మరణములు గణనీయముగా తగ్గినవి. కాని రోగి మందు ఒకనాడు మ్రింగి, మరునాడు మానినచో మందు పలుచబడును. అప్పుడు వైరసు వ్రాత మరల సాగును. వ్రాత సాగినకొలది తప్పులు పుట్టును. పుట్టినవానిలో మందును తప్పించుకొనగలదియే బ్రతికి బలియును. చాలీచాలని పురుగుమందు చల్లినచో మొండిపురుగు మిగిలి పెరుగుట రైతులు ఎరిగినదే. ఇదియు అట్టిదే. ఆరోగ్యముగా నున్నామని మందు మానుట, కాపలాదారు ఉన్నందున దొంగలు రాలేదని కాపలాదారును తీసివేయుటవంటిది.

క్రమముగా మందు వాడినవారి రక్తమునందు వైరసు పరీక్షకు దొరకనంతగా తగ్గును. అట్టివారినుండి సంభోగమువలన ఇతరులకు వైరసు సోకదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ముందుగా చికిత్స ప్రారంభించినవారినుండి జీవితభాగస్వామికి సోకుట నూటికి 96 వంతులు తగ్గినట్లు తేలెను. చికిత్సలేని తల్లినుండి బిడ్డకు వైరసు సోకు అవకాశము నూటికి 15 నుండి 45 వరకు ఉండగా, సకాలమున చికిత్స జరిగినచో 5 కంటె తక్కువకు దిగును. మాత్ర చిన్నదే, అది ఆపు పట్టు మాత్రము ఒక పసిబిడ్డ ప్రాణమంత పెద్దది.

గ్రామస్థుల కర్తవ్యము

మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. 2017నుండి, వ్యాధి ఏ దశలోనున్నను, వైరసు సోకినట్లు తేలిన ప్రతివారికిని చికిత్స ప్రారంభించు విధానము అమలునకు వచ్చినది. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములందు పరీక్ష, సలహా ఉచితము. ఏ.ఆర్.టి. కేంద్రములందు మందులు ఉచితము. గర్భవతులు తొలి నెలలలోనే ఈ పరీక్ష చేయించుకొనుట తల్లికిని బిడ్డకును శ్రేయస్కరము. 1097 అను నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

వైరసు అంటుకొనుటకు మార్గములు కొన్నియే: రక్షణలేని సంభోగము, కలుషితమైన సూదులు, పరీక్షింపని రక్తము, తల్లినుండి బిడ్డ. ఈ వైరసు పనియంతయు సజీవమైన తగిన మానవ కణము లోపలనే జరుగవలెనని పైన వివరించితిమి. కావున చేయి కలిపినను, ఒకే బావినీరు త్రాగినను, ప్రక్కప్రక్కన భోజనము చేసినను, ఒకే బడిలో కూర్చుండినను అది సోకదు. దోమ కడుపులో అది పెరుగదు గనుక దోమకాటువలనను సోకదు. పసరులతోను తాయెత్తులతోను దీనిని సమూలముగా పోగొట్టెదమనువారు డి.ఎన్.ఏ. లో కట్టిన అంటును విప్పలేరు. వారి మాట నమ్మి ఏ.ఆర్.టి. మందు మానుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే.

హెచ్.ఐ.వి. సోకినవారిని ఉద్యోగమునుండియు, బడినుండియు, ఆసుపత్రినుండియు, అద్దెయింటినుండియు ఆ కారణముచేత వెడలగొట్టరాదని 2017లో పార్లమెంటు చట్టము చేసెను. 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అది అమలునందున్నది. వారి సమ్మతిలేక పరీక్ష చేయుటగాని, వారి సంగతిని బయటపెట్టుటగాని సాధారణముగా ఆ చట్టమునకు విరుద్ధము.

అయినను చట్టము వీధి అరుగుపై జరుగు గుసగుసలను ఆపజాలదు. పొరుగువారు చూతురేమోయని వెరచి, మందుల కేంద్రమునకు పోవుట మానుకొనునట్టి రోగి ఒక్కడున్నను, ఆ వెరపు వైరసునకు మేలు చేయుచున్నది. అతడు మానిన ప్రతి మాత్ర వెనుకను ఆ కుడిచేయి మరల పోగుపై బిగియును. మనము ఎగతాళి మాని, ఒక మంచిమాట పలికి, తోడుగా కేంద్రమువరకు నడచినచో ఆ పట్టు సడలును. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చేయదగినది చాలవరకు చేసిరి. ఊరిలో చేయవలసినది మాత్రము మన చేతిలోనే యున్నది.